చౌమహల్లా హద్దులు

మా పెళ్లిచూపులనాటి సంగతి ఒకటి మా అమ్మ బతికున్నన్నాళ్లూ చెప్పి నవ్వేది. తిరిగొస్తూ బస్సులో "పిల్ల ఎట్లుందిరా?" అని ఆమె అడిగితే, "వాళ్ల పెరటి గోడ పక్కోళ్ల జాగాలోకి అడుగున్నర జరిగిందమ్మా" అన్నానట. అప్పటికి సర్వే శాఖలో చేరి నాలుగేళ్లు. ఆ జబ్బు తర్వాత ముదిరిందే కానీ తగ్గలేదు. గుడికి వెళ్తే దేవుడి కంటే ముందు ప్రాకారం చూస్తాను. ఎవరైనా భోజనానికి పిలిస్తే వాళ్ల వరండాలో నిలబడి ఉత్తరం ఎటో సరిచూసుకుంటాను.

కాబట్టి హైదరాబాద్ పాతబస్తీలో నిజాముల చౌమహల్లా ప్యాలెస్ గురించి నేను రాసేది మీరు ఇదివరకు చదివినవాటిలా ఉండకపోవచ్చు. షాండ్లియర్లూ, కార్లూ ఇందులోనూ వస్తాయి, కాకపోతే కాస్త పక్కగా. నన్ను మాత్రం అక్కడ మొదటినుంచీ తొలిచింది ఒక్కటే ప్రశ్న. ఒకప్పుడు 45 ఎకరాలు అంటారు కదా, మిగతా జాగా ఏమైంది?

నేను ఆ ప్యాలెస్‌ని మొదటిసారి చూసింది 1990ల మొదట్లో, అదీ గేటు సందులోంచి. ఖిల్వత్ వైపు రోడ్డు కొలతల పని పడింది. నాతో మా చైన్‌మన్, అంటే కొలత గొలుసు పట్టే మనిషి, ఉన్నాడు. షాలిబండలో పుట్టి పెరిగిన మనిషి. నాకంటే పెద్దవాడు, అందుకని నేను ఆయన్ని భాయ్ అంటాను. ఆఫీసు లెక్కలో నేను పై వాణ్ని, అందుకని ఆయన నన్ను సాబ్ అంటాడు. ఇద్దరం రిటైరై ఇన్నేళ్లయినా ఆ పిలుపులు మారలేదు. ఆ రోజు గొలుసు చుట్ట పక్కన పెట్టి చాయ్ తాగుతూ, తుప్పు పట్టిన ఆ పెద్ద తలుపు సందులోంచి లోపలికి చూశాను. నడుమెత్తు గడ్డి. మధ్యలో ఎండిపోయిన హౌజు, అంటే నీటి కొలను. దాని గట్టు మీద వరసగా పావురాలు, కచేరీలో అర్జీదారులు కూర్చున్నట్టు.

"ఎవరిది భాయ్ ఇదంతా?"

"నవాబ్ సాబ్‌ది."

"మరి ఆయనెక్కడ?"

"ఆస్ట్రేలియాకి పోయి గొర్రెలు పెంచుతుండంట సాబ్."

పాతబస్తీ వేళాకోళం అనుకుని నవ్వేశాను. అది అక్షరాలా నిజమని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ కథ దగ్గరికి వస్తాను.

పోయిన చలికాలం ఇద్దరం మళ్లీ వెళ్లాం, ఈసారి టికెట్టు కొనుక్కుని. నిజానికి రెండుసార్లు వెళ్లాం. మొదటిసారి శుక్రవారం నాడు వెళ్లాం, శుక్రవారం సెలవు. అంత దూరం వచ్చి మూసిన గేటు ముందు నిలబడితే భాయ్, "క్యా సాబ్, తీస్ సాల్ బాద్ భీ బాహర్ ఇచ్ ఖడే హై" అన్నాడు. ముప్పై ఏళ్ల తర్వాత కూడా బయటే నిలబడ్డాం అని. వచ్చినదానికి లాడ్‌బజార్‌లో మా ఆవిడకి గాజులు కొన్నాను. సైజు తప్పింది.

ముందు నా లెక్క చెప్పనివ్వండి, లేకపోతే నాకు ఊపిరాడదు.

తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు. 33 అడుగుల గొలుసు ఒకటి నిలువు, ఒకటి అడ్డం వేస్తే వచ్చేది గుంట. పాత గొలుసుకి పదహారు అణాలుండేవి, రూపాయికి ఉన్నట్టే. 45 ఎకరాలంటే 1,800 గుంటలు. ఉత్తరాన లాడ్‌బజార్ నుంచి దక్షిణాన అస్పాన్ చౌక్ రోడ్డు దాకా ప్యాలెస్ హద్దులు ఉండేవని చెబుతారు. ఇప్పుడు మిగిలింది 12 ఎకరాలని కొందరు, 14 అని కొందరు. (రెండెకరాల తేడాని ఇంత తేలిగ్గా రాసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పల్లెలో రెండు గుంటల తేడాకి తలలు పగిలాయి, నా కళ్ల ముందే.) 12 అనుకుందాం. పోయినవి 33 ఎకరాలు, అంటే 1,320 గుంటలు, అంటే 1,59,720 గజాలు. 200 గజాల చొప్పున ప్లాట్లు చేస్తే, రోడ్లు లెక్కలోకి తీసుకోకుండా, దాదాపు 800 ప్లాట్లు. ఒక తోట కడుపులో ఒక ఊరు పడుతుంది.

ఖిల్వత్ రోడ్డులో నిలబడి చుట్టూ ఉన్న ఇళ్లూ, దుకాణాలూ, కార్లు ఆపుకునే జాగాలూ చూస్తే ఆ ఊరు కనబడుతుంది కూడా.

చహార్ అంటే ఫారసీలో నాలుగు. మహలాత్ అంటే మహళ్లు. నాలుగు మహళ్లది కాబట్టి చౌమహల్లా. అఫ్జల్ మహల్, తహ్నియత్ మహల్, మహ్‌తాబ్ మహల్, అఫ్తాబ్ మహల్. మహ్‌తాబ్ చంద్రుడు, అఫ్తాబ్ సూర్యుడు. తహ్నియత్ అంటే అభినందన. అఫ్జల్ అంటే శ్రేష్ఠం, అది కట్టడం పూర్తి చేయించిన అయిదో నిజాం అఫ్జలుద్దౌలా పేరు కూడా. నాలుగూ దక్షిణం వైపు ఆవరణలో ఒకే హౌజు చుట్టూ ఎదురెదురుగా ఉంటాయి. పారసీక తోటకి చార్‌బాగ్ అని ఒక పద్ధతి ఉంది. నీటి కాలవలతో తోటని నాలుగు పాళ్లుగా పంచడం. ఇక్కడ పంచింది తోటని కాదు, తోట చుట్టూ ఉన్న ఇంటిని. నీళ్లు మాత్రం అదే చోట, నట్టనడుమ. నేనొక స్థలం పటం గీయాల్సి వస్తే మొదట ఒక స్థిరమైన బిందువు ఎంచుకుంటాను. ఈ ప్యాలెస్ గీసినవాడు హౌజు మధ్యలో ఫౌంటెన్ నోటిని ఎంచుకున్నాడని నా నమ్మకం. అక్కణ్ణించి నాలుగు వైపులా దారం పట్టుకుని నడవండి, ఏ మహల్ ఎందుకు అక్కడుందో అర్థమవుతుంది.

కట్టడం మొదలైంది 1750లో, సలాబత్ జంగ్ కాలంలో అని ఎక్కడ చూసినా రాసుంటుంది. సలాబత్ జంగ్ గద్దెనెక్కింది 1751లో. ఏడాది ఎటో పోయింది. సరే, పునాది తవ్వడానికీ పట్టాభిషేకానికీ ముహూర్తాలు వేరు అనుకుందాం. ఆ సలాబత్ జంగ్‌ని గద్దె మీద కూర్చోబెట్టింది ఫ్రెంచి సేనాని బుస్సీ. మనకి తెలిసిన బుస్సీయే, బొబ్బిలి కోట మీదికి వచ్చినవాడు. 1756లో సలాబత్ జంగ్‌కీ బుస్సీకీ చెడింది. ఉద్యోగంలోంచి తీసేస్తే, బుస్సీ సైన్యంతో సహా హైదరాబాద్ వచ్చి చార్ మహల్ అనే ఒక పాత కుతుబ్‌షాహీ తోట-మహల్లో తిష్ఠ వేశాడు. అది వేరే మహల్, ఈ చౌమహల్లా కాదు. పేర్లు దగ్గరగా ఉన్నాయని కలిపేసేవాళ్లు ఉన్నారు, జాగ్రత్త. కొన్ని వారాలు అక్కణ్ణించి కదలలేదు. సాయానికి పటాలం వచ్చాక నిజామే రాజీకి వచ్చాడు. ఆ తర్వాతే బుస్సీ కోస్తాకి దిగడం, 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం. తోట గోడ మంచిదైతే కోటగా కూడా పనికొస్తుందన్నమాట.

సలాబత్ జంగ్ సంగతి చెప్పాలంటే, 1762లో తమ్ముడు నిజాం అలీ ఖాన్ అతన్ని దించి బీదర్ కోటలో బంధించాడు. మరుసటి ఏడు అక్కడే పోయాడు. పునాది వేసినవాడు ఇల్లు చూసుకోలేదు. నిజాం అలీ రాజధానిని ఔరంగాబాద్ నుంచి హైదరాబాద్‌కి తెచ్చాడు, దాంతో ఈ ఆవరణకి దశ తిరిగింది. అయినా పని నడుస్తూనే ఉంది. ఒక తరం గోడ కడితే ఇంకో తరం స్తంభం ఎత్తింది. చివరికి 1857కీ 1869కీ మధ్య, అఫ్జలుద్దౌలా హయాంలో, పూర్తయింది అనిపించుకుంది. 1857 జూలైలో తుర్రెబాజ్ ఖాన్ కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేసినప్పుడు అఫ్జలుద్దౌలా గద్దెనెక్కి రెండు నెలలే. అవతల మూసీ ఒడ్డున ఫిరంగులు, ఇవతల యూరపు మోస్తరు స్తంభాలతో అఫ్తాబ్ మహల్. ఆ మహల్ ముఖం చూస్తే తెలుస్తుంది, ఆకుల తలపాగా చుట్టుకున్న కొరింథియన్ స్తంభాలు. పక్కనే ఉత్తరపు ఆవరణకి వస్తే మొఘలు కమానులు, మినార్లు, గుమ్మటాలు, గచ్చుపని. నూటపాతికేళ్లలో ఎవరి కాలంలో ఏ గాలి వీస్తే ఆ కిటికీ పెట్టారు. పండితులు దీన్ని శైలుల సమ్మేళనం అంటారు. మా శాఖలో అయితే "దఫదఫాలుగా నిర్మాణం" అని రాసి సంతకం పెడతాం.

ఉత్తరపు ఆవరణలో ఒక పక్క బారా ఇమాం అనే పొడుగాటి గదుల వరస. దానికి ఎదురుగా, అద్దంలో బింబం లాగా షీషె-ఆలాత్. మధ్యలో పొడుగాటి నీటి కొలను, అటూ ఇటూ చెట్లు. వీటన్నిటికీ తలమానికంగా ఖిల్వత్ ముబారక్. ఖిల్వత్ అంటే ఏకాంతం. నిజాముల పట్టాభిషేకాలు, దర్బార్లు, వందలమంది వంగి సలాములు చేసే రంజాన్ కొలువులు జరిగిన చోటుకి ఏకాంతం అని పేరు పెట్టినవాడికి నా నమస్కారం. లోపల పాలరాతి గద్దె, తఖ్తె నిషాన్. పైన 19 బెల్జియం షాండ్లియర్లు. జనం అందరూ తలెత్తి వాటిని ఫోటో తీస్తుంటే భాయ్ తలదించి నేల చూశాడు. "లెవెల్ పక్కాగా ఉంది సాబ్" అన్నాడు. అదీ మా చైన్‌మన్.

గేటు మీద గడియార స్తంభం ఉంది. రెండొందల యాభై ఏళ్లుగా ఖిల్వత్ గడియారం కొట్టుకుంటోందనీ, ఒకే కుటుంబంవాళ్లు వారానికోసారి దానికి కీ ఇస్తున్నారనీ చెబుతారు. మేం వెళ్లినప్పుడు నా చేతి గడియారంతో సరిపోయింది. నాది రెండు నిమిషాలు ముందు పెట్టుకుంటాను, అది వేరే విషయం.

ఇప్పుడు నీళ్ల సంగతి. నాకు ఆ చోటులో అన్నిటికంటే ముచ్చటేసింది అదే.

నీరు పల్లమెరుగు అన్నారు. పాతబస్తీకి దక్షిణం ఎత్తు, ఉత్తరం పల్లం. ఫలక్‌నుమా గుట్ట మీద నిలబడితే నగరమంతా మూసీ వైపు వాలి కనిపిస్తుంది. కరెంటు మోటార్లు లేని రోజుల్లో ఫౌంటెన్ ఎగరాలంటే ఒక్కటే దారి, నీటి తొట్టి ఫౌంటెన్ నోటికంటే ఎత్తులో ఉండాలి. ఎంత ఎత్తులో ఉంటే, గొట్టంలో పోయే రాపిడి పోను, నీళ్లు అంత లేస్తాయి. గోల్కొండ వెళ్లినవాళ్లు చూసే ఉంటారు, అంచెలంచెలుగా ఎద్దులతో తిప్పే మోటల్లాంటి చక్రాలతో నీళ్లు పైకి తోడి, మట్టి గొట్టాల్లో మహళ్లకి వదిలారు. ఆ విద్య ఈ నేలకి కొత్త కాదు. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో మీరాలం చెరువు కట్టారు. ఇరవై ఒక్క అర్ధచంద్రాకారపు కమానులు వరసగా నిలబడి, కడుపులు నీళ్లవైపు పెట్టి, ఇప్పటికీ ఆ చెరువుని ఆపుతున్నాయి. పాతబస్తీ వందేళ్లకి పైగా ఆ నీళ్లు తాగింది. నా ఉద్యోగంలో నేను చూసిన కట్టల్లో అంత తెలివైనది మరొకటి లేదు. దాని మీద ఒక టపా విడిగా రాస్తాను.

హౌజు అందం కోసం మాత్రమే కాదు. మే నెలలో, పడమటి గాలి ఆ నీటి మీదుగా వచ్చి ఎత్తైన కమానుల్లోంచి లోపలికి దూరితే, లోపల చల్లబడుతుంది. మనం ఎయిర్ కూలర్లో గడ్డి తడుపుతామే, అదే పని. పైకప్పు ఎత్తు కాబట్టి వేడి పైకి పోతుంది. గోడలు రాతివీ ఇటుకవీ, పైన డంగు సున్నం. సిమెంటు గోడకి ఊపిరాడదు, సున్నపు గోడ తడిని పీల్చి వదులుతుంది. మా తాత ఇంట్లో నట్టింట పడుకుంటే ఎండాకాలం దుప్పటి కావాల్సి వచ్చేది. తేడా ఏమిటంటే మా తాత ఇంటి ముందు హౌజు లేదు, గోలెం ఉండేది.

తోట గురించి నాకో ఫిర్యాదు ఉంది. ఇప్పుడున్నదంతా పచ్చిక. శుభ్రంగా కత్తిరించిన లాన్, అంచుల్లో బెత్తెడు పొదలు, అక్కడక్కడ పామ్ చెట్లు. చూడటానికి బాగుంది, కాదనను. కానీ గడ్డిని కార్పెట్ లాగా పరిచి దాన్ని తోట అనడం ఇంగ్లీషువాళ్ల అలవాటు, వాళ్ల వానలకి తగ్గ అలవాటు. ఫారసీ వాళ్ల బాగ్ అంటే దానిమ్మ, నారింజ, మల్లె, గులాబీ, నీడ, కాలవ చప్పుడు. బాగ్‌లో కూర్చుంటారు, లాన్ చుట్టూ నడుస్తారు. నేను ఆ రోజు కాళ్లు లాగుతున్నాయని గడ్డి మీద కూర్చోబోయాను. సెక్యూరిటీ అబ్బాయి విజిల్ వేశాడు. తప్పు నాదే, బోర్డు ఉంది. భాయ్ మాత్రం రాతి మెట్టు మీద దర్జాగా కూర్చుని, "నిజాం జమానాలో అయితే మనల్ని గేటు కాడనే ఆపేటోళ్లు సాబ్, విజిల్ దాకా వచ్చినం, షుకర్ చేయండి" అన్నాడు.

హైదరాబాద్‌నే ఒకప్పుడు బాగ్‌నగర్ అన్నారని, అంటే తోటల నగరమని, ఒక వాదం ఉంది. భాగమతి పేరు మీద భాగ్యనగరం అనేవాళ్లతో ఆ తగవు ఇప్పట్లో తెగదు, నేను దూరను. పదిహేడో శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే మాత్రం ఇక్కడి రాజమహల్ డాబాల మీద తోటలున్నాయనీ, అంత పెద్ద చెట్లని కింద కమానులు ఎలా మోస్తున్నాయో అనీ ఆశ్చర్యపోయి రాశాడు. డాబా మీద తోట! మా అపార్టుమెంటులో నాలుగు కుండీలు పెడితే కింద ఫ్లాటువాళ్లు చెమ్మ దిగుతోందని మీటింగు పెట్టారు.

ఆ తోటలన్నీ ఇప్పుడు బస్సు బోర్డుల మీద ఉన్నాయి. బషీర్‌బాగ్, జాంబాగ్, కిషన్‌బాగ్, బాగ్‌లింగంపల్లి, బాగ్ అంబర్‌పేట. మూసారాంబాగ్ అయితే ఫ్రెంచి సేనాని మొస్యూ రేమండ్ పేరు. ఆయన 1798లో పోయాడు. జనం నోట్లో నలిగి హిందువులకి మూసారాం, ముసల్మానులకి మూసా రహీం అయ్యాడు. వీటిలో దిగి తోట ఎక్కడ అని అడిగితే ఆటోవాడు మనల్ని పైనుంచి కిందికి చూస్తాడు. నాంపల్లిలో 1846 నాటి బాగె ఆమ్, మన పబ్లిక్ గార్డెన్స్, ఒక్కటి మాత్రం పేరు నిలబెట్టుకుంది. తోట పోయినా పేరు పోదు, రికార్డులో పడితే అంతే. నేను సర్వీసులో ఎన్నో పటాల్లో "బాగాత్" అని రాసున్న నంబరుకి వెళ్లి మూడంతస్తుల ఇళ్లు కొలిచాను.

నా కడుపుమంట ఒకటి ఇక్కడ కక్కేస్తాను. 1980ల చివర్లో ఒక సొసైటీవాళ్లు వేసిన లేఅవుట్లో 200 గజాలు కొన్నాను. పటంలో మా ప్లాటుకి ఎదురుగా ఆకుపచ్చ రంగేసి పార్కు అని రాశారు. సర్వేయర్ని కదా, హద్దు రాళ్లు కూడా చూసుకున్నాను. ముందు అందులో నీళ్ల ట్యాంకు లేచింది, ప్రజావసరం అన్నారు. తర్వాత కమ్యూనిటీ హాలు. తర్వాత హాలుకి వచ్చేవాళ్ల బండ్లకి షెడ్డు. ఇప్పుడు మిగిలింది ఒక వేపచెట్టు, దాని చుట్టూ సిమెంటు అరుగు. ఎవరూ ఒక్కసారిగా ఆక్రమించలేదు. అందరికీ కారణం ఉంది, అన్ని కారణాలూ సబబుగానే వినిపించాయి. నేను కూడా ఆ హాల్లోనే మా అమ్మాయి నిశ్చితార్థం చేశాను.

చౌమహల్లా ఆ 33 ఎకరాల కథ కూడా ఇంచుమించు ఇలాంటిదే, కాకపోతే పాత్రలు పెద్దవాళ్లు.

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ రెండున్నరేళ్ల పసివాడుగా 1869లో గద్దెనెక్కాడు. ఆవరణలో రోషన్ బంగళా అని ఒకటుంది, అది వాళ్లమ్మ రోషన్ బేగం పేరు. పెద్దయ్యాక ఆయన ఎక్కువగా పురానీ హవేలీలో, తర్వాత ఫలక్‌నుమాలో ఉన్నాడు. 1911లో పోయింది కూడా ఫలక్‌నుమాలోనే. ఆయన కోసమని చేయించిన పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఆయన పోయాక వచ్చింది. లోపల సింహాసనం లాంటి సీటు. అది ఇప్పుడు చౌమహల్లాలో అద్దాల వెనక ఉంది, మొత్తం జీవితంలో కొన్ని వందల మైళ్లు తిరిగిందట. మా ఆఫీసు జీపు అంత దూరం ఒక్క జమాబందీలో, అంటే ఏటా జరిగే భూమి లెక్కల తనిఖీలో, తిరిగేది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కింగ్ కోఠీలో కాపురం పెట్టాడు. అంటే యాభై అరవై ఏళ్లుగా చౌమహల్లాలో రాజు కాపురం లేదు. దర్బారుకి, అతిథులకి, వేడుకలకి తెరిచేవారు. ఇల్లు అన్నాక మనిషి మసలాలి. కాపురం లేని ఇంటికి మొదట ప్రహరీ దగ్గర చిల్లు పడుతుంది, ఇది నా అనుభవం.

సంస్థానం 1948 సెప్టెంబరులో పోయింది. మరుసటేడు సర్ఫెఖాస్ కూడా పోయింది. ఈ మాట ఈ తరంవాళ్లకి తెలియకపోవచ్చు. నిజాం రాజ్యంలో ప్రభుత్వ భూమి వేరు, నిజాం సొంత భూమి వేరు. సొంతదాన్ని సర్ఫెఖాస్ అనేవారు. హైదరాబాద్ చుట్టూ ఉన్న అత్రాఫె బల్దా జిల్లా అంతా అదే. రాజ్యంలో ఇంచుమించు పదోవంతు. 1949లో దాన్ని దివానీలో, అంటే ప్రభుత్వ భూమిలో, కలిపేశారు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు కూడా పాత సేత్వార్లలో, అంటే సర్వే రికార్డుల్లో, ఆ మాట చూస్తే మా సీనియర్లు కళ్లద్దాలు సవరించుకునేవారు, ఈ నంబరులో తగాదా ఉంది అని దానర్థం. 1950 నుంచి నిజాంకి ఏటా 50 లక్షల రాజభరణం. ఆయన 1967 ఫిబ్రవరి 24న పోయాడు. కొడుకుల్ని కాదని మనవడు ముకర్రం జాకి వారసత్వం ఇచ్చాడు. ఆ ఏప్రిల్ 6న ఇదే ఖిల్వత్‌లో, ఇదే పాలరాతి గద్దె మీద పట్టాభిషేకం. భాయ్‌కి అప్పుడు పదేళ్లుంటాయి. వాళ్ల నాన్న భుజం మీద ఎక్కి రోడ్డు మీద జనాన్ని చూశానంటాడు, నవాబుని కాదు.

1971లో రాజభరణాలు రద్దయ్యాయి. వేలమంది నౌకర్లు, లెక్కలేనంతమంది బంధువులు, వాటాల దావాలు, పన్నులు. ముకర్రం జా ఇదంతా వదిలేసి పశ్చిమ ఆస్ట్రేలియా వెళ్లి లక్షల ఎకరాల గొర్రెల ఫారం కొన్నాడు. భాయ్ చెప్పింది నిజమే అన్నానే, ఇదే. లక్షల ఎకరాలు! ఇక్కడ 45 ఎకరాల ప్రహరీ కాచేవాడు లేక, దక్షిణం వైపు ఒక ముక్క, పడమర వైపు ఒక ముక్క. ఆ ఎర్ర మన్నులో ఆయన స్వయంగా బుల్డోజర్లు నడిపేవాడని చదివాను. నాకు ఆయన మీద కోపం రావాలి, రాదు. హద్దు తగాదాలతో విసిగిపోయి హద్దే కనబడని చోటుకి పారిపోవాలని నాకూ సర్వీసులో చాలాసార్లు అనిపించింది.

తోటని తిరిగి నిలబెట్టింది ఆయన మొదటి భార్య, టర్కీ ఆడపడుచు ఎస్రా. విడాకులై చాలా ఏళ్లయ్యాక వచ్చి, దావాలు ఒక కొలిక్కి తెచ్చి, వాస్తుశిల్పి రాహుల్ మెహరోత్రాతో బాగుచేత మొదలుపెట్టించింది. 2005లో జనానికి తెరిచారు. 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది. పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు అందరూ వదిలేసిన ఇంటిని విడిపోయిన కోడలు చక్కబెట్టిందని మా ఆవిడ ఈ కథ విని చాలా సంతోషించింది. ఆ పచ్చిక కూడా ఆమె చలవే కాబట్టి, పైన చేసిన ఫిర్యాదుని సగానికి తగ్గించుకుంటున్నాను.

ముకర్రం జా 2023 జనవరి 14న ఇస్తాంబుల్‌లో పోయాడు. తీసుకొచ్చి ఖిల్వత్‌లోనే జనం చూడటానికి ఉంచారు. ఆ తర్వాత మక్కా మసీదులో, పూర్వీకుల పక్కన. భాయ్ లైన్లో నిలబడి చూసొచ్చాడు. ఆ రాత్రి ఫోన్ చేసి, "గేటు పూర్తిగా తెరిచారు సాబ్, రెండు రెక్కలూ" అన్నాడు. ఇంకేం చెప్పలేదు.

మేం తిరిగి బయల్దేరే ముందు ఒక పని చేశాం. చెబితే నవ్వుతారు. ఉత్తరపు కొలను ఒక మూల నేను, ఒక మూల ఆయన నిలబడి, అడుగులతో పొడుగు కొలిచాం. గొలుసు లేనప్పుడు సర్వీసులో అదే చేసేవాళ్లం, ఇద్దరం ఎదురెదురుగా నడిచి లెక్క పోల్చుకునేవాళ్లం. అప్పట్లో ఒక అడుగు కూడా తేడా వచ్చేది కాదు. ఈసారి ఆయనకి నాకంటే ఏడు అడుగులు ఎక్కువ వచ్చాయి. మోకాలి నొప్పితో ఆయన అడుగు కురచైంది. "మీదే రాసుకోండి సాబ్" అన్నాడు. నేను ఆయనదే రాసుకున్నాను, టికెట్టు వెనక. అయిదవుతోందని ఇందాకటి అబ్బాయి మళ్లీ విజిల్ వేశాడు.